కావాలంటే చెప్పమన్నారు

మా పక్కింటి జర్మనీ ఆవిడ ప్లాస్టిక్ సంచులు కడిగి ఆరేసుకునేది. జిప్పు ఉండే చిన్న సంచులు, మనం కొత్తిమీర దాచుకునేవి. వాటిని సబ్బు నీళ్లతో తిరగేసి కడిగి, వంటింటి కిటికీ గట్టు మీద చెక్క గరిటెలకి తొడిగి నిలబెట్టేది. నేను ముందు చూసింది ఆవిడ ముఖం కాదు, ఆ సంచులే. సింకు దగ్గర నిలబడితే మా కిటికీలోంచి ఆవిడ కిటికీ కనిపిస్తుంది. మా గట్టు మీదా అవే సంచులు, కాకపోతే గరిటెలకి బదులు గ్లాసుల మీద బోర్లించి ఉంటాయి. అమెరికా వచ్చిన తొమ్మిదేళ్లలో ఆ పని చేసే మనిషిని ఇంకొకర్ని చూడలేదు. మా అమ్మాయి చూసినప్పుడల్లా, అవి వాడి పారేసేవమ్మా అంటుంది. పారేసేదాన్ని అంత గట్టిగా ఎందుకు చేశారో చెప్పమంటాను నేను.

నేను చదివింది ఐదో తరగతి. రాయడం మరిచిపోకూడదని రోజూ పాల లెక్కో, పండగ తిథో ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను గాని, ఇంత పెద్దది ఎప్పుడూ రాయలేదు. మా మనవరాలు సగం రాసి వదిలేసిన స్కూలు పుస్తకాలు గరాజ్‌లో ఉన్నాయి. తెల్ల కాగితాలు ఊరికే పోతాయెందుకని వాటిలో రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. అది రాయకపోతే మిగతాదంతా రాసీ లాభం లేదు.

అరోరా అనే ఈ ఊళ్లో మా వీధి చివర కార్లు తిరగడానికి గుండ్రంగా వదిలేశారు. ఆ గుండ్రం చుట్టూ మూడిళ్లు. నడిమిది మా అమ్మాయిది. ఎడమ వైపు జర్మనీ ఆవిడ. కుడి వైపు, రోడ్డుకి అవతల ఆవిడకి ఎదురుగా, అమెరికా ఆవిడ, ఆమె భర్త. ఆయన బయటికి రాడు, టీవీలో ఆటలు చూసుకుంటాడు. అమెరికా ఆవిడ మాత్రం బయటే ఉంటుంది. పోస్ట్‌మ్యాన్‌ని పలకరిస్తుంది, గడ్డి కోసేవాళ్లకి మంచినీళ్ల సీసాలిస్తుంది, అటు పోయే కుక్కని కూడా బాగున్నావా అంటుంది. నన్ను మొదటి రోజే హనీ అంది.

జర్మనీ ఆవిడ ఎవర్నీ హనీ అనదు. డెబ్బై ఆరేళ్లు, మనిషి నిట్రాడులా ఉంటుంది. ముప్ఫై నిండకుండానే అమెరికా మనిషిని చేసుకుని ఇక్కడికి వచ్చింది. పిల్లల్లేరు. ఆయన పోయి నాలుగేళ్లు, అప్పటికి మేమింకా ఈ వీధికి రాలేదు. మొదటి చలికాలం నేను మెట్ల మీద మంచు తీస్తుంటే కంచె దగ్గరికి వచ్చి, అలా తీస్తే నడుము పోతుందని చెప్పి, పార నా చేతిలోంచి తీసుకుని ఎలా పట్టుకోవాలో చూపించి, తిరిగి ఇచ్చి వెళ్లిపోయింది. నవ్వలేదు. ఆ పద్ధతి నాకు నచ్చింది. నేనూ అలాగే చెప్తాను ఎవరికైనా.

తర్వాత మధ్యాహ్నాలు ఆవిడ వంటింట్లో కూర్చోవడం అలవాటైంది. ఆవిడ ఇంగ్లీషు నిదానంగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడుతుంది కాబట్టి నాకు సగం అర్థమయ్యేది. మిగతా సగానికి ఫోనుంది. మా అమ్మాయి పెట్టి ఇచ్చింది. నేను తెలుగులో మాట్లాడితే ఆ ఫోనులో ఉన్న పిల్ల ఇంగ్లీషులో చెప్తుంది, వాళ్లు మాట్లాడితే తెలుగులో చెప్తుంది. తప్పులు పోకుండా బాగానే చెప్తుంది. మనుషులకుండే మొహమాటం మాత్రం దానికి లేదు.

జర్మనీ ఆవిడకి అమెరికావాళ్ల మీద చాలా కోపాలుండేవి. నలభై ఏళ్లు దాటినా ఒక్కటీ చల్లారలేదు. ఎలా ఉన్నావని అడుగుతారు, జవాబు చెప్పేలోపు దాటిపోతారు. ఒకసారి లంచ్‌కి కలుద్దాం అంటారు, సరే ఏ రోజని క్యాలెండర్ తీస్తే తడబడతారు. రావాలని లేనప్పుడు అనడం ఎందుకు? ఎదురింటావిడ హనీ అనడం కూడా ఆవిడకి ఒళ్లు మంట. పదిహేనేళ్లుగా నన్ను హనీ అంటోంది, నా పుట్టినరోజు ఎప్పుడో అడిగి చూడు అంది ఒకసారి. నేను అడగలేదు. నాకూ తెలియదు గనక.

అన్నిటికన్నా పెద్ద కోపం భర్త పోయినప్పటిది. శ్మశానం నుంచి వచ్చిన సాయంత్రం అమెరికా ఆవిడ పెద్ద అల్యూమినియం ట్రేలో ఏదో వండి, మీద ఒక కార్డు పెట్టి, గుమ్మం బయట ఉంచి బెల్లు కొట్టి వెళ్లిపోయిందట. ఈవిడ తలుపు తీసేసరికి రోడ్డు దాటి తన ఇంటి వాకిట్లో నిలబడి చెయ్యి ఊపుతోందట. కార్డులో, ఏమైనా కావాలంటే చెప్పు అని ఉంది. ఈవిడ పుట్టిన పల్లెలో అయితే ఎవరైనా పోతే పక్కింటామె చెప్పకుండానే లోపలికి వచ్చేస్తుందట. కొక్కేనికున్న ఏప్రన్ తీసి కట్టుకుని, సింకులో ఉన్న గిన్నెలు కడిగి, సూప్ కాచి, ఆ ఇంటామె తాగేదాకా ఎదురుగా కూర్చుని పోతుందట.

"అడిగితే ఇచ్చేది సాయమా? అది కొట్టు. కొట్లో అడిగితే ఇస్తారు" అంది.

నాకు ఆ మాట ఎంత సరిగ్గా ఉందనిపించిందో. మా వైపు చావింటికి పిలిస్తేనే వెళ్లేవాళ్లెవరు? నేను ఫోను పక్కన పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని తలూపాను.

అమెరికా ఆవిడకీ జర్మనీవాళ్ల మీద కోపాలు లేకపోలేదు. ఆమె భర్త మిలటరీలో ఉండగా పడుచుతనంలో మూడేళ్లు జర్మనీలో కాపురం చేసింది. నాకు తెలుసు వాళ్ల సంగతి అనేది, పక్కింటి వైపు చూసి పెదాలు బిగించి. చెత్త డబ్బా ఒక రోజు ముందు బయట పెడితే జర్మనీ ఆవిడ రోడ్డు దాటి వచ్చి మరీ చెప్పేదట. అదొక్కటే పని మీద వచ్చేది, ఇంకెందుకూ గడప తొక్కేది కాదట. అక్కడ సమాధికి కూడా గడువుంటుందని, ఇన్నేళ్లకని డబ్బు కట్టించుకుని, ఆ గడువు తీరితే రాయి తీసేసి వేరేవాళ్లని పెడతారని చెప్పి, అలాంటి మనుషులు అని భుజాలు ఎగరేసింది. అదే సమాధి గురించి జర్మనీ ఆవిడ ఇంకోలా చెప్పేది. వాళ్ల ఊళ్లో సమాధంటే చిన్న తోట. ప్రతి వారం నీళ్లు పోసి, కలుపు తీసి, కాలానికి తగ్గ మొక్క నాటుతారు. ఇక్కడ గడ్డి కోసే మిషనుకి అడ్డమని మొక్క నాటనివ్వరు. ఆవిడ భర్త రాయి పక్కన నాటిన మొక్కల్ని రెండుసార్లు పీకేశారు. అప్పటి నుంచి శనివారం శనివారం కుండీలో మొక్క కార్లో తీసుకెళ్లి, ఓ గంట రాయి దగ్గర పెట్టుకుని కూర్చుని, మళ్లీ ఇంటికి తెచ్చుకునేది.

మాలో ఎవరైనా పోతే బూడిద నీళ్లలో కలిపేస్తాం. వెళ్లి చూసుకోవడానికేమీ ఉండదు. అందుకే నాకు ఆ కుండీ వ్యవహారం మొదట వింతగా ఉండేది. కానీ జర్మనీలో ఉన్న ఆవిడ మేనకోడలు, వచ్చేయ్ వచ్చేయ్ అని ఏడాదికోసారి పిలిచినా ఈవిడ వెళ్లనిది ఆ శనివారాల కోసమేనని అర్థమయ్యాక వింత పోయింది.

ఆ శనివారాలకే ముప్పు వచ్చింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎదుటి మనిషి ఆకారంగా కనిపిస్తాడు గాని ముఖం తెలియదు. లైసెన్స్ రెన్యువల్‌కి కంటి పరీక్ష పెడతారు. అందులో పోతే కారు లేదు. మా వీధికి బస్సు లేదు. కారు లేకపోతే సరుకులూ లేవు, సమాధీ లేదు, ఆ ఇల్లూ లేదు. ఆపరేషన్ అయితే అన్నీ ఉంటాయి. నవంబరులో మొదటి కంటికి రోజు ఇచ్చారు. ఆస్పత్రివాళ్ల కాగితం ఒకటి చూపించింది. రోగితో పాటు పెద్దవాళ్లెవరైనా ఒకరు రావాలి, అయ్యేదాకా కూర్చోవాలి, దగ్గరుండి ఇంటికి తీసుకెళ్లాలి. ఎవరొస్తున్నారని అడిగాను. టాక్సీ అంది. టాక్సీవాడు కూర్చోడుగా అన్నాను. భుజాలు ఎగరేసింది, అచ్చం అమెరికా ఆవిడ ఎగరేసినట్టే.

మా అమ్మాయికి చెప్పాను. ఆ వారం దానికి ఆఫీస్ పని మీద వేరే ఊరు ప్రయాణం, ఉద్యోగాలు తీసేస్తున్న రోజులు, కాదనడానికి లేదు. అల్లుడు కొత్తగా చేరాడు, లీవ్ లేదు. ఆలోచించి ఆలోచించి, అమెరికా ఆవిడని అడుగుదామమ్మా అంది. వెళ్లి అడిగింది. అమెరికా ఆవిడ అడిగీ అడగకముందే ఒప్పుకుందట. సంతోషంతో కళ్లనీళ్లు పెట్టుకుందట కూడా.

నేను ఆ కబురు జర్మనీ ఆవిడకి చెప్పాను. తనంతట తనే అందా, మీ అమ్మాయి అడిగితే అందా అని అడిగింది. అడిగితేనే అన్నాను. సరే అంది. అయినా ఆ ఆదివారం నేరేడు పళ్లలాంటి నల్లటి పళ్లు వరసగా పేర్చి పెద్ద కేకు చేసి, సగం కోసి పళ్లెంలో పెట్టుకుని రోడ్డు దాటి వెళ్లింది. గుమ్మంలో నిలబడి రోజు, టైము, ఆస్పత్రి అడ్రస్ చెప్పి వచ్చింది. కిటికీలోంచి చూశాను. లోపలికి రమ్మంటే వెళ్లినట్టు లేదు గాని, వెళ్లడమే గొప్ప అనుకున్నాను.

ఇక నా తప్పు.

ఆపరేషన్ ఇంకో వారం ఉందనగా అమెరికా ఆవిడా నేనూ ఉత్తరాల డబ్బాల దగ్గర కలిశాం. ఆమె నా భుజం మీద చెయ్యేసి, నాలుగేళ్లుగా అడగమని చెప్తూనే ఉన్నాను, ఇప్పటికి అడిగింది, అదీ మీ ద్వారా, ఎంత గర్వమో చూడు అని నవ్వింది. ఫోనులో పిల్ల అది తెలుగులో చెప్పగానే నాకు మండింది. మా వైపు ఇద్దరాడవాళ్ల మధ్య ఇలాంటిది పేరుకుపోతే మూడో మనిషి ఆ మాట ఈమెకి, ఈ మాట ఆమెకి చేరవేస్తుంది. అది చెడు చెయ్యడానికి కాదు. వాళ్లు ఎదురుపడి నాలుగు మాటలు అనుకుని, ఏడ్చి, ముక్కు చీదుకుని, కాఫీ తాగి పోతారు. మా తోడికోడలికీ నాకూ మా అత్త అలాగే చేసేది. పదిహేనుసార్లు పోట్లాడుకున్నాం, ఒక్కసారీ విడిపోలేదు. ఆ లెక్కనే ఫోను నోటి దగ్గర పెట్టుకుని అన్నాను:

"నువ్వు నోటితో చెప్తావుగాని గడప దాటి రావని ఆవిడ అంటుంది. నీ నవ్వు కుక్కకీ మనిషికీ ఒకటేనట, దానికి విలువ లేదట. ఈసారైనా చెప్పిన టైముకి రా."

మా అమ్మాయి పక్కనుంటే ఆ మాట సగం మింగి, పైన చక్కెర జల్లి చెప్పేది. ఫోను పిల్ల ఉన్నదున్నట్టు, వాతావరణం చెప్పినంత చల్లగా చెప్పింది.

అమెరికా ఆవిడ నవ్వు ముఖం మీదే ఉంది. కళ్లు మాత్రం ఒకసారి పక్కింటి వైపు పోయి వచ్చాయి. చెప్పినందుకు థాంక్యూ అంది. నేను తిడుతుందని చూస్తున్నాను. తిట్టలేదు. ఉత్తరాలు చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆపరేషన్ రెండు రోజులుందనగా జర్మనీ ఆవిడ, ఎదురింటి నుంచి వచ్చిందని నాకొక కార్డు చూపించింది. మీద పక్షి బొమ్మ. ఫోను దాని మీద పెట్టి చదివించాను. నాతో రావడం నీకు ఇష్టం లేకపోతే నాకు అర్థమవుతుంది, నిన్ను ఇబ్బంది పెట్టాలని లేదు, ఇంకా నేనే తీసుకెళ్లాలంటే ఒక్క మాట చెప్పు, అని ఉంది.

"ఇది కాదనడం. ఇక్కడివాళ్లు కాదని ఇలా అంటారు" అంది జర్మనీ ఆవిడ.

వెళ్లి ఒక్క మాట చెప్పి రమ్మన్నాను. రోడ్డు దాటితే ఇరవై అడుగులు లేదు. ఆవిడ కార్డు మడిచి, అంచు గోరుతో గీసి గీసి సన్నగా చేసింది. రోజు చెప్పాను, టైము చెప్పాను, కేకిచ్చాను, ఇంకేం చెప్పాలి అంది. వచ్చే మనిషైతే ఇది రాయదు అంది.

ఆ కార్డు ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆ మాట నేనే మోశానని అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. లేదా నేనే రోడ్డు దాటి వెళ్లి, రేపు కాక ఎల్లుండి ఆరింటికి రావమ్మా అని ఉన్నా సరిపోయేది. నేను ఎవరికీ భయపడే మనిషిని కాదని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు భయపడ్డాను. పంచదార ఇంకొంచెం వెయ్యనా అని అడిగితే వద్దన్నాను. కాఫీ తాగి వచ్చేశాను.

ఆపరేషన్ నాటి పొద్దున ఐదున్నరకి లేచి వంటింట్లో లైటు వేసుకుని పాలు కాస్తున్నాను. బయట ఇంకా చీకటిగానే ఉంది. అమెరికా ఆవిడ కారు వాకిట్లోనే ఉంది. అద్దాల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. ఆరింటికి జర్మనీ ఆవిడ వాకిట్లోకి టాక్సీ వచ్చింది. ఆవిడ నల్ల కోటు వేసుకుని, మెట్లు ఒక్కొక్కటే కాలితో తడుముకుంటూ దిగింది. నా కోటు తలుపు వెనకాలే ఉంది. చెప్పులు అక్కడే ఉన్నాయి. నాకు డ్రైవింగ్ రాదు, నిజమే, కానీ టాక్సీలో పక్కన కూర్చోవడానికి డ్రైవింగ్ అక్కర్లేదు. ఆస్పత్రిలో కుర్చీలో కూర్చోవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. అప్పుడు నా మనసులో వచ్చిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నన్ను అడగలేదు కదా, అనుకున్నాను.

టాక్సీ వెళ్లిపోయింది. పాలు పొంగాయి.

ఎనిమిది కాకుండానే ఆవిడ తిరిగి వచ్చేసింది. నేను వెళ్లేసరికి వంటింట్లో కోటు విప్పకుండా కూర్చుని ఉంది. రెండు కళ్లూ మామూలుగానే ఉన్నాయి, కట్టు లేదు. వెంట మనిషి లేకపోతే ఆపరేషన్ చెయ్యం అన్నారట. కౌంటర్‌లో పిల్ల మర్యాదగానే అడిగిందట. మీతో ఎవరూ రాలేదా? ఫ్రెండ్ ఎవరైనా ఉన్నారా, ఫోన్ చేస్తాం? పోనీ పక్కింటివాళ్లు? వెనక వరసలో జనం కూర్చుని ఉండగా మూడుసార్లు లేరని చెప్పాల్సి వచ్చింది. ఇంకో రోజు కావాలంటే మూడు నెలల తర్వాత అన్నారట.

మూడు నెలల తర్వాత నేను వస్తానని ఫోనులో చెప్పాను. మా అమ్మాయి చేత సెలవు పెట్టిస్తానన్నాను. ఆవిడ చివరిదాకా విని, ఫోను అవసరం లేకుండా నాకు అర్థమయ్యేంత నిదానంగా ఒక మాట అంది.

"పొద్దున నువ్వు లేచే ఉన్నావు. మీ కిటికీలో లైటు చూశాను."

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది, పార ఎలా పట్టుకోవాలో చెప్పినట్టు. నేను లేచి సింకులో ఉన్న రెండు కప్పులు కడిగాను. వాటిని కడగడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ రోజే మేనకోడలికి ఫోన్ చేసింది. మూడు నెలలు ఆగనంది. కళ్లు అక్కడే చేయించుకుంటానంది. పేరు చెప్పమంటే ఒక్కరి పేరు చెప్పలేని ఊళ్లో ఇంక ఉండి ఏం చెయ్యాలంది. సమాధి మాటెత్తితే, ఆయన ఇక్కడివాడే, ఇక్కడ ఆయనకి బాగానే ఉంటుంది అంది.

జర్మనీ ఆవిడ వాకిట్లో ఇల్లు అమ్మకానికని బోర్డు పెట్టిన రోజు అమెరికా ఆవిడ అరటిపండు బ్రెడ్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయి ఇంట్లోనే ఉంది. ఆమె ఏడుస్తూ చెప్పింది, మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది, ఈసారి ఏదీ మింగకుండా.

జర్మనీలో వాళ్లు మూడో అంతస్తులో ఉండేవారట. ఈమెకి అప్పుడు ఇరవై రెండేళ్లు, చంటిపిల్ల, భర్త నెలల తరబడి ఉండడు. వచ్చిన మొదటి వారం కింది వాటా ముసలామెకి పలకరింపుగా ఏదో చేసుకుని, తలుపు కొట్టి, అలవాటు ప్రకారం లోపలికి అడుగు పెట్టిందట. ఆమె ఈమెని గుమ్మం బయటికి నెట్టినంత పని చేసి, పిలవకుండా ఇళ్లలోకి రాకూడదని చెప్పి తలుపేసిందట. తర్వాత మెట్లు ఊడ్చే వంతు నీదని చెప్పడానికి, మెట్ల మీద పిల్ల బండి తియ్యమని చెప్పడానికి తప్ప ఎవరూ పైకి రాలేదు. ఒక ఆదివారం బాల్కనీలో బట్టలు ఆరేస్తే, ఆదివారం పని చెయ్యకూడదని అందుకూ చీవాట్లే. పిల్లకి జ్వరం వచ్చిన మూడు రోజులు ఆ భవనంలో ఒక్కరూ అడగలేదు. అప్పుడు ఈమె ఒకటి నేర్చుకుంది: వీళ్లు పిలవందే వీళ్ల గడప తొక్కకూడదు. అది వీళ్లకి మర్యాద.

"అందుకే ట్రే బయట పెట్టి వచ్చాను. ఆమె పద్ధతి ప్రకారమే చేస్తున్నాననుకున్నాను" అంది.

ఆపరేషన్ నాడు ఐదింటికే లేచి, బట్టలు మార్చుకుని, తాళాలు చేతిలో పట్టుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. మోగలేదు. మీరు చెప్పిన ఆ మాట విన్నాక, నా ముఖం చూడటం ఆమెకి ఇష్టం లేదని ఖాయం చేసుకున్నాను అంది.

మా అమ్మాయి ఆ ముక్క తెలుగులో చెప్పి ఆగిపోయింది. ఏ మాట, అమ్మా? అంది. చెప్పాను. అది లేచి చాకు తెచ్చింది. అరటిపండు బ్రెడ్ కోసి ముగ్గురికీ పెట్టింది. తిన్నాం.

జర్మనీ ఆవిడకి కూడా చెప్పాను, చాలా ఆలస్యంగా, ఏప్రిల్‌లో. ఆవిడ కప్పులు కాగితాల్లో చుడుతోంది. నేను అందిస్తున్నాను. పాత న్యూస్ పేపర్లే, మడతలు సాపు చేసి దాచినవి. మెట్ల ముసలామె సంగతి, ఒళ్లో ఫోను సంగతి అంతా ఫోను పిల్ల చేత చెప్పించాను, నా సంగతితో సహా. ఆవిడ ఒక కప్పు చుట్టడం పూర్తి చేసి పెట్టెలో పెట్టింది.

"ఆ మాటలు నేనన్నవే. నువ్వు కల్పించలేదు" అంది. ఇంకో కప్పు అందుకుని, ఆ ముసలామెలాంటివాళ్లు మా ఊళ్లోనూ ఉండేవాళ్లు అంది. అంతే. వెళ్లి ఆమెతో మాట్లాడతావా అని అడిగాను. ఇల్లు అమ్మేశాక మాట్లాడి ఏం చేస్తాను అంది.

మే నెలలో వెళ్లిపోయింది. ఈసారి టాక్సీ వచ్చినప్పుడు నేను కోటు వేసుకుని ముందే ఆవిడ వాకిట్లో నిలబడ్డాను. వెళ్తానని మా అమ్మాయికి కూడా ముందు చెప్పలేదు. తలుపు తీసుకుని పక్కన కూర్చున్నాను. ఎందుకన్నట్టు చూసింది గాని దిగమనలేదు. ఎదురింటి వాకిట్లో అమెరికా ఆవిడ ఇంట్లో వేసుకునే గౌను మీద స్వెట్టర్ వేసుకుని చెయ్యి ఊపుతోంది. ఈవిడ నేరుగా ముందుకే చూస్తోంది. అంత దూరం ఈవిడకి కనిపించదని ఆమెకి తెలుసో తెలియదో. నేను మోచేత్తో తట్టి, బై చెప్తోంది అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో. ఎవరు, అని ఈవిడ అద్దం వైపు తిరిగేసరికి టాక్సీ మలుపు తిరిగింది.

ఎయిర్‌పోర్ట్ దాకా గంట. చక్రాల కుర్చీ తెచ్చిన మనిషి తీసుకెళ్తుంటే నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. సంచులు తొడిగే చెక్క గరిటెలు, నాలుగు. అదే టాక్సీలో తిరిగి వచ్చాను. అంత దండగ ఖర్చు నా జన్మలో నా కోసం చేసుకోలేదు. చెయ్యాల్సిన రోజు చెయ్యలేదు.

అక్కడ ఒక కంటికి ఆపరేషన్ అయిందని మేనకోడలు రాసింది. రెండో దాంట్లో శుక్లం ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట, ముందే వచ్చి ఉంటే బాగుండేదన్నారట.

మొన్న జూలైలో అమెరికా ఆవిడ మా తలుపు కొట్టి, కార్లో ఎక్కమంది. అడగలేదు, ఎక్కమంది. మా అమ్మాయి కూడా వచ్చింది. శ్మశానానికి తీసుకెళ్లింది. ఎవరూ చెప్పకుండానే నెలనెలా వస్తోందట. జర్మనీ ఆవిడ భర్త రాయి పక్కన ఇనప ఊచకి గుచ్చి ఎర్రవీ పసుపువీ పూలున్నాయి. దగ్గరికి వెళ్లి ముట్టుకున్నాను. ప్లాస్టిక్ పూలు. ఎండకి ఎరుపు అప్పుడే గులాబీ రంగులోకి దిగుతోంది. ఇవైతే గడ్డి కోసేవాళ్లు తియ్యరు అంది ఆమె. ఫోన్‌లో ఫోటో తీసి, ఇది జర్మనీకి పంపుదామనుకుంటున్నాను, ఆమెకి నచ్చుతుందా అని నన్ను అడిగింది.

కుండీ కార్లో పెట్టుకుని శనివారం శనివారం వచ్చి, మళ్లీ ఇంటికి తీసుకెళ్లిన మనిషి ఈ పూలు చూస్తే ఏమంటుందో ఆ మాటలతో సహా నాకు తెలుసు. నా ఫోను సంచిలోనే ఉంది. మా అమ్మాయి నా ముఖం వంక చూస్తోంది.

బాగున్నాయని చెప్పమన్నాను.